కత్తి ముందా, పొయ్యి ముందా?

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. కూరగాయలు తనే తరుగుతానని రోజూ గొడవ. కత్తి చేతికివ్వాలంటే భయంగా ఉంది. పదును లేనిది ఇస్తే నయమా?

జవాబు: పదును లేని కత్తితోనే ఎక్కువ ప్రమాదం. అది తొక్కలోకి దిగదు. దిగడం లేదని పిల్లలు ఒంట్లో బలమంతా పెట్టి నొక్కుతారు, అది కాస్తా జారి పక్కనున్న వేలి మీదికి వస్తుంది. ముందు ఒక వారం వెన్న రాసే చాకు, అరటిపండు ఇవ్వండి. ముక్కలు ఎలా వచ్చినా పట్టించుకోవద్దు, పట్టు కుదిరితే చాలు. ఆ తర్వాత, కోసే భాగం 8–10 సెంటీమీటర్లుండి, పిడి పాప గుప్పిట్లో సరిపోయే పదునైన చిన్న కత్తి తీసుకోండి.

కటింగ్ బోర్డు కింద తడిపి పిండిన గుడ్డ పరవండి. లేకపోతే బోర్డు జరుగుతుంది, కత్తి దారి తప్పుతుంది. బోర్డు పాప నడుము ఎత్తులో ఉండాలి. మోచేతులు పైకెత్తి కోయాల్సి వస్తే మణికట్టుకు అదుపుండదు. గట్టు ఎత్తుగా ఉంటే కాళ్లు వెడల్పుగా ఉన్న, కదలని పీట వేయండి.

మొదట దోసకాయ మంచిది. మీరే నిలువుగా రెండు బద్దలు చేసి, కోసిన వైపు బోర్డుకు ఆనేలా బోర్లించి ఇవ్వండి. గుండ్రంగా ఉన్నది దొర్లుతుంది, బోర్లించినది కదలదు. పట్టుకున్న చేతి వేళ్లను లోపలికి మడవాలి. వేళ్ల కణుపులు ముందుకు, గోళ్లు వెనక్కి, బొటనవేలు వాటన్నిటికీ వెనక ఉండాలి. కత్తి పక్క భాగం కణుపులకు ఆనుకుని కదులుతుంది కాబట్టి అంచు వేలికి తగలదు. మూడు నాలుగు ముక్కలయ్యేసరికి బొటనవేలు మళ్లీ బయటికి వచ్చేస్తుంది, దాదాపు పిల్లలందరూ చేసే తప్పే ఇది. అప్పుడు కేకలు వేయకండి. ఉలిక్కిపడితే అదే గాయం. మెల్లగా ‘ఆగు’ అనండి, పాప కత్తి కింద పెట్టాక వేళ్లు సరిచేయండి.

మాట్లాడాలన్నా, తల తిప్పాలన్నా ముందు కత్తి కింద పెట్టాలి. చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, బోర్డు మీద పెడితే రెండోవాళ్లు తీసుకోవాలి. జారి పడుతుంటే పట్టుకోబోకుండా రెండు చేతులూ పైకెత్తి వెనక్కి అడుగేయాలి. దీన్ని చెక్క గరిటెతో పదిసార్లు ఆటలా ఆడించండి, నోటితో చెబితే ఒంటికి పట్టదు. సబ్బు నురగ నిండిన సింకులో కత్తి వదలడం మాత్రం పెద్దవాళ్లం కూడా మానుకోవాలి. క్యారెట్ లాంటి గట్టివి కొన్ని నెలలు ఆగాక.

ప్రశ్న: మా వాడికి పదేళ్లు. గుడ్డు తనే వేయించుకుంటానంటున్నాడు. పొయ్యి దగ్గరికి ఏ వయసులో రానివ్వాలి?

జవాబు: ఒక్క వయసు చూసి చెప్పలేం. మూడు విషయాలు గమనించండి. ‘ఆగు’ అంటే మొదటి మాటకే ఆగుతాడా? బర్నరు వాడి మోచేతి కంటే కిందికి ఉందా? పెనాన్ని ఒలకకుండా ఎత్తగలడా? మూడూ అవునంటే మొదలుపెట్టవచ్చు, మీరు పక్కనే నిలబడి ఉండాలి. పక్కగదిలో ఉండటం లెక్కలోకి రాదు. వేడినీళ్ల గిన్నె దించడం, వార్చడం ఇప్పట్లో వద్దు. లీటరు నీళ్లే కిలో బరువు, గిన్నె బరువు అదనం.

ముందు పొయ్యి వెలిగించకుండానే మొత్తం పని చేయించండి: చొక్కా చేతులు మోచేతి పైకి మడత, జుట్టు ముడి, పెనం పిడి గట్టు లోపలి వైపుకి, దానికి సరిపడే మూత పక్కన. ఈ మూత ఎందుకో వాడికి చెప్పి తీరాలి. నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. నీళ్లు నూనె కంటే బరువు, అడుగుకి దిగి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను పైకి చిమ్ముతాయి. పొయ్యి ఆపి, మూత పెట్టి, చల్లారేదాకా తీయకపోవడం పెద్దవాళ్ల పని. వాడి పని వెనక్కి జరిగి మిమ్మల్ని పిలవడం.

సన్నని మంట, ఒక చెంచా నూనె చాలు. పెనం పొడిగా ఉండాలి, తడి ఉంటే నూనె చిటపటలాడుతుంది. గుడ్డును చిన్న గిన్నెలోకి కొట్టుకుని, ఆ గిన్నెను పెనం అంచుకు దగ్గరగా వంచాలి. భయంతో పిల్లలు దూరం నుంచి, ఎత్తు నుంచి వేస్తారు. అందుకే నూనె మీదికి చిందుతుంది. మూత తీసేటప్పుడు అవతలి అంచును ముందు ఎత్తితే ఆవిరి ముఖానికి కాకుండా అటు పోతుంది. వేడి పిడిని తడిగుడ్డతో పట్టుకోకూడదు, తడి వేడిని వెంటనే చేతికి చేరుస్తుంది.

ప్రశ్న: కాలితే టూత్‌పేస్ట్ రాయమంటున్నారు. రాయొచ్చా?

జవాబు: వద్దు. పేస్టు, వెన్న, ఐసు ఏవీ వద్దు. కాలిన చోటును కుళాయి చల్లటి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. రెండు నిమిషాలకే మంట తగ్గిందని తీసేయకండి, చర్మం లోపల వేడి ఇంకా ఉంటుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి. అతుక్కున్న బట్టను లాగొద్దు, బొబ్బలు చిదమొద్దు. పిల్లల అరచేతి కంటే పెద్దగా కాలినా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గర కాలినా, చర్మం తెల్లబడినా, నల్లబడినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తిడతారని దాచే పిల్లలకే గాయం ముదురుతుంది. చెప్పినా కోప్పడరన్న నమ్మకం ముందుగానే కలిగించండి.

ప్రశ్న: మైక్రోవేవ్‌లో మంట ఉండదు కదా, ఒంటరిగా వాడనివ్వవచ్చా?

జవాబు: అది పిల్లల ముఖం కంటే ఎత్తులో ఉంటే వద్దు, దించేటప్పుడు ఒలికితే నేరుగా మీదే పడుతుంది. అందుబాటు ఎత్తులో ఉన్నా కప్పు నీళ్లు వేడి చేశాక ఒక నిమిషం ఆగి తీయాలి. పైకి మరగనట్టే కనిపించే నీళ్లు కదిపితే ఒక్కసారిగా పొంగవచ్చు. పెంకుతో ఉన్న గుడ్డు, బిగుతుగా మూసిన డబ్బా పేలతాయి. లోహపు పాత్రలు పెట్టకూడదు.

ప్రశ్న: పాప కేకు పిండి పచ్చిగానే నాకుతోంది. పరవాలేదా?

జవాబు: పరవాలేదనకండి. పచ్చిగుడ్డులోనే కాదు, పచ్చిపిండిలోనూ రోగాలు తెచ్చే బాక్టీరియా ఉండవచ్చు. అవి వేడికే చస్తాయి. పిండి కలపగానే 20 సెకన్లు సబ్బుతో చేతులు కడిగించండి. రుచి చూడాలని ముచ్చటపడితే, పైన చల్లే పండ్ల ముక్కలు కొన్ని వేరే గిన్నెలో ముందే తీసి పెట్టండి.