కేసు చదివి అభిప్రాయం రాయమంటే...

ప్రశ్న: అమలాపురంలో జనరల్ సర్జన్‌ని. పాలకొల్లు నర్సింగ్ హోమ్‌లో అపెండిక్స్ పగిలి చనిపోయిన కుర్రాడి తరఫు లాయరుగారు నిపుణుడిగా అభిప్రాయం రాయమంటున్నారు. నాలుగు పేజీల సారాంశం పంపి, గెలిస్తే పరిహారంలో పది శాతం ఇప్పిస్తానన్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: పర్సంటేజీకి ఒప్పుకోకండి డాక్టరుగారూ. గెలుపు మీద ఫీజు పుచ్చుకునే సాక్షి కేసులో వాటాదారే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు, మొదటి దెబ్బ అక్కడే పడుతుంది. రికార్డులు చదవడానికింత, నివేదికకింత, కోర్టుకొచ్చిన రోజుకింత అని ముందే రాసివ్వండి. అభిప్రాయం ఎటు తిరిగినా అంతే.

వశిష్ఠ గోదావరికి అటూ ఇటూ ఉన్న సర్జన్లు ఒకరికొకరు రోగుల్ని పంపుకుంటూనే ఉంటారు, చాలామంది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో కలిసి చదివినవాళ్లే. ఆ నర్సింగ్ హోమ్‌తో రిఫరల్స్ గానీ పాత తగాదా గానీ ఉంటే రాతపూర్వకంగా చెప్పండి, లేదా తప్పుకోండి. (వ్యాపారపు పోటీ కూడా సంబంధమే. చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు.)

సారాంశం పక్కన పెట్టి పూర్తి రికార్డు అడగండి: కేస్ షీట్, నర్సుల చార్టు, అనస్థీషియా రికార్డు, ల్యాబ్ రిపోర్టులు, మందుల బిల్లులు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. ముందు నర్సుల చార్టు చదవండి. డాక్టరు వేసిన టైముకీ నర్సు వేసిన టైముకీ పొంతన లేని చోటే అసలు సంగతి దొరుకుతుంది.

చావు ముందే తెలిసి చదివేవారికి ప్రతి లక్షణమూ హెచ్చరికలాగే కనిపిస్తుంది. అందుకే గంటలవారీగా పట్టీ రాసుకుని, ఆ గంటకు ఆ డాక్టరుకు తెలిసిందెంతో అంతవరకే తూచండి. కొలత 1957 నాటి ఇంగ్లండు కోర్టు బోలమ్ తీర్పుది: ఆ విభాగంలో మామూలు నైపుణ్యమున్న డాక్టరు చేసేదేనా, కాదా? సీటీ స్కాన్ లేని పది పడకల ఆస్పత్రిని విశాఖ కార్పొరేట్ ఆస్పత్రితో పోల్చకూడదు. రోగిని పెద్దాస్పత్రికి ఎప్పుడు పంపాలో మాత్రం చిన్నాస్పత్రికీ తెలియాల్సిందే.

తీర్పు మీరు రాయకండి. 'రాత్రి 9కి నాడి 120, తెల్లకణాలు 18,000. ఉదయం 6 దాకా యాంటీబయాటిక్ ఇచ్చినట్టు రికార్డులో లేదు' అంటే చాలు. రాయనంత మాత్రాన ఇవ్వలేదని కాదు, బిల్లులు చూసేది అందుకే. ముందే ఇస్తే బతికేవాడా అన్నది వేరే పేరాలో తేల్చండి. ఈ రెండూ కలిపేస్తే నివేదిక నిలవదు. ఇంకో సర్జన్ వేరేలా చేసే వీలుంటే, పిలిచిన లాయరుకు నచ్చకపోయినా రాయండి. ఆయన మీ భాష దిద్దవచ్చు, ముగింపు దిద్దకూడదు. కొత్త కాగితం బయటపడి అభిప్రాయం మారితే వెంటనే తెలపండి. మత్తు సంగతులడిగితే అది నా విభాగం కాదనేయండి.

ప్రశ్న: మా కొత్తపేట వైపు ఏ డాక్టరుగారూ అభిప్రాయం ఇవ్వనంటున్నారు. కేసు పోయినట్టేనా?

జవాబు: వినియోగదారుల కమిషన్లో పోనక్కర్లేదు. ప్రతి కేసుకూ నిపుణుడు తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కడుపులో గుడ్డ మరిచారని తేల్చడానికి నిపుణుడెందుకు? చిక్కు కేసులకు కావాలి. క్రిమినల్ ప్రైవేటు ఫిర్యాదుకైతే (బాధితులే నేరుగా కోర్టులో వేసేది) 2005 నాటి సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం మరో సమర్థుడైన డాక్టరు అభిప్రాయం ఉండాల్సిందే. దర్యాప్తు అధికారి వీలైతే ఆ విభాగంలోని ప్రభుత్వ డాక్టరు దగ్గర అభిప్రాయం తీసుకోవాలని కూడా అందులో ఉంది.