అద్దం పట్టి చూపించగల డాక్టర్

ప్రశ్న: బీడీఎస్ అయిపోయి హౌస్ సర్జన్సీలో ఉన్నాను. మాది శ్రీకాకుళం జిల్లా. కాలేజీలో పొగాకు మాన్పించే సెంటర్‌లో పోస్టింగ్ వేస్తే టైమ్ వేస్ట్ అనుకున్నా. ఇప్పుడు అదే నచ్చుతోంది. క్లినిక్ పెట్టే స్థోమత లేదు. దీన్నే కెరీర్‌గా పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు డబ్బు మాట చెప్పేస్తాను. పొగ మాన్పించినందుకు విడిగా ఫీజు ఇచ్చే పేషెంట్లు మన దగ్గర చాలా తక్కువ. ఒక్క దాని మీదే ఇల్లు గడవదు. కానీ మీరు ఏ కుర్చీ పక్కన నిలబడినా పనికొచ్చే విద్య ఇది.

సిగరెట్ మానమని ఫిజీషియనూ చెబుతాడు. కానీ ఊపిరితిత్తులను అక్కడికక్కడ పేషెంట్‌కి చూపించలేడు. మీరైతే చేతికి అద్దం ఇచ్చి అంగిలి చూపించగలరు. పైగా రూట్ కెనాల్ కోసం వచ్చినవాడు మళ్లీ వస్తాడు, కాబట్టి పోయినసారి మాట్లాడింది అక్కడి నుంచే అందుకోవచ్చు. తిట్టకండి. తిడితే రెండో సిట్టింగ్‌కి రాడు.

కాలేజీలో అంతగా చెప్పని సంగతి ఒకటుంది. పొగ తాగేవాళ్ల చిగుళ్లు జబ్బున్నా పెద్దగా రక్తం కారవు. మానేసిన మొదటి వారాల్లో రక్తం కనబడితే "మానడం వల్లే ఇలా అయింది" అని మళ్లీ అంటించేస్తారు. ఆ మాట ముందే చెప్పి ఉంచాలి. నికోటిన్ గమ్ కూడా అంతే. చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే వికారం పుడుతుంది. ఘాటు తగలగానే బుగ్గ పక్కన పెట్టి, తగ్గాక మళ్లీ నమలమని చెప్పాలి. ఫోన్‌లో సాయం కావాలంటే 1800-11-2356 నంబర్ రాసివ్వండి.

ఇక దారులు. దంతవైద్యంలో పీజీ అయిన ఎండీఎస్‌లో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ ఉంది. ర్యాంకర్లు సాధారణంగా దాని వైపు చూడరు, మీకు అదే కలిసొస్తుంది. మూడేళ్ల ఎండీఎస్ వద్దనుకుంటే ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేయండి. జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం కింద జిల్లాల్లో కన్సల్టెంట్ పోస్టులు పడుతుంటాయి, అయితే అవి కాంట్రాక్ట్ ఉద్యోగాలు. ఇంట్లోవాళ్లకు ఆ విషయం ముందే చెప్పండి. నన్నడిగితే, ఒక క్లినిక్‌లో అసోసియేట్‌గా చేరి, పక్కన ఈ పని మొదలుపెట్టడం మీ పరిస్థితికి నయం.

మీ జిల్లా మీకు పెద్ద బలం. చుట్ట నిప్పును నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ మీ వైపు ఆడవాళ్లలో ఉంది. పుస్తకంలో ఫోటోగా చూసేదాన్ని మీరు ఊళ్లో చూస్తూ పెరిగారు. వాళ్ల యాసలో, "మామ్మా, ఎప్పటి నుంచి కాలుస్తున్నావు?" అని అడగగలిగేది మీరే. తెల్లబారిన అంగిలి మీద ఎర్రటి చుక్కలో, పుండో కనబడి రెండు వారాల్లో తగ్గకపోతే మాత్రం కౌన్సెలింగ్‌తో ఆగకండి. నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్‌ విభాగానికి పంపి బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) చేయించండి.