సర్కారు డబ్బుతో ట్రైనింగ్ సెంటర్ పెడుతున్న మా చెల్లెలి కొడుక్కి

తిరుపతి

నాయనా,

పుత్తూరులో నువ్వు పెట్టే సెంటరుకు ఇంతమందికి ట్రైనింగ్ ఇవ్వాలని టార్గెట్ ఇచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. మన పక్క ఊళ్లలో డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న మగపిల్లలు, ఇంటర్ దగ్గర ఆగిపోయిన ఆడపిల్లలు ఎందరున్నారో నాకు తెలుసు. వాళ్ల కోసం నువ్వు పూనుకున్నందుకు గర్వంగా ఉంది. మొదటి విడత డబ్బు ఎప్పుడు పడుతుంది, మొదటి బ్యాచ్‌లో ఎంతమందిని చేర్చుకోవచ్చు అని అడిగావట. ఐటిఐలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇలాంటి సెంటర్ల పని కూడా చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఒక మాట మనసులో పెట్టుకో. సర్కారు ఇంత డబ్బు పెడుతున్నది ఆ పిల్ల ఉద్యోగంలో చేరి, మూడో నెల జీతం కూడా తీసుకుని, అక్కడే కుదురుకోవాలని. నీ ప్లాన్ ఆ మూడో నెల జీతం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ రా. ఏ కోర్సు పెట్టాలి, ఎవర్ని చేర్చుకోవాలి, ఎంతమందిని చేర్చుకోవాలి అన్నవన్నీ అక్కణ్నుంచే తేలతాయి.

ఇక డబ్బు సంగతి. నీ ప్రాజెక్టు దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద వచ్చింది. పల్లెల్లోని పేద యువతకు పని నేర్పి ఉద్యోగం చూపించే పథకం ఇది, 2014 సెప్టెంబరు 25న మొదలైంది. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. మన రాష్ట్రంలో సీడాప్ అనే ప్రభుత్వ ఉపాధి సంస్థ దీన్ని నడిపిస్తుంది. కాగితం మీద చూస్తే సాఫీగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం కేంద్రం ఇచ్చిన వాటాకు రాష్ట్రం తన వాటా కలపాలి, పెట్టిన ఖర్చుకు యూసీ, అంటే డబ్బు వాడిన ధ్రువపత్రం, పైకి వెళ్లాలి, అప్పుడు గానీ తర్వాతి విడత కదలదు. ఈ గొలుసులో ఎక్కడ ఆలస్యం జరిగినా చివర్లో ఉన్న నీ సెంటరు మీద పడుతుంది. మార్చి నెలాఖరులో బిల్లులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో కొత్త ఏడాది కేటాయింపులు తేలేదాకా ఎవరిని అడిగినా సరైన జవాబు దొరకదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు. ప్రభుత్వ డబ్బు ఇలాగే కదులుతుంది.

కాబట్టి నాలుగు నెలల అద్దె, ట్రైనర్ల జీతాలు, హాస్టల్ భోజనం ఖర్చు నీ సొసైటీ ఖాతాలో చేతిలో లేకుండా మొదటి బ్యాచ్ మొదలుపెట్టొద్దు. అంత లేకపోతే బ్యాచ్ చిన్నది పెట్టు. విడత రాగానే తీర్చేస్తామని నూటికి ఇంత అని బయట వడ్డీకి తెచ్చిన సెంటర్లు ఏమయ్యాయో చూశాను. ముందు ట్రైనర్ జీతం ఆగుతుంది, మంచి ట్రైనర్ వెళ్లిపోతాడు, అతని బదులు పాఠం రానివాడు వస్తాడు, పిల్లలు మానేస్తారు. ట్రైనర్‌కు ఒకటో తారీఖున జీతం ఇవ్వగలిగితే నీ సెంటర్ సగం నిలబడినట్టే. ప్రాజెక్టు డబ్బుకు ప్రత్యేకం ఖాతా పెట్టు, అందులోంచి వేరే పనికి ఒక్క రోజుకు కూడా తియ్యకు. ఆడిటర్‌ను ఏడాది చివర్లో కాకుండా ఇప్పుడే మాట్లాడుకో, టీడీఎస్, జీఎస్టీ సంగతి అతనే చూస్తాడు.

డబ్బు లెక్క ఎలా కడతారో కూడా తెలుసుకో. 2015 జూలైలో కేంద్రం నైపుణ్య పథకాలన్నిటికీ ఉమ్మడి నిబంధనలు తెచ్చింది. కోర్సు ఖర్చును బట్టి మూడు తరగతులు చేసి, ఒక్కో విద్యార్థికి గంటకు 38.50, 33, 27.50 రూపాయలని అప్పట్లో రేటు కట్టారు. తర్వాత పెంచారు. లెక్క అర్థం కావడానికి పాత రేటే తీసుకుందాం. గంటకు 33 రూపాయల కోర్సు, 500 గంటలు, 30 మంది అనుకుంటే 4,95,000 రూపాయలు. ఆ నిబంధనల ప్రకారం బ్యాచ్ మొదలైనప్పుడు 30 శాతం, పరీక్ష పాసై సర్టిఫికెట్ వచ్చాక 50 శాతం, ఉద్యోగాలు రుజువయ్యాక మిగతా 20 శాతం. అంటే 99,000 రూపాయలు చిట్టచివర్లో గానీ చేతికి రావు. నీ పథకంలో విడతల అంకెలు వేరుగా ఉంటాయి, అవి నీ ఒప్పందంలోనే చూసుకోవాలి. తీరు మాత్రం ఇదే. పాసైన వాళ్లలో 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి. ముప్ఫై మందీ పాసైతే 21 మంది. ఈ షరతు న్యాయమైందే అని నా అభిప్రాయం. ఇది లేకపోతే సర్టిఫికెట్లు పంచి చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువవుతారు. కానీ ఇదే షరతు కొందరిని ఏదో ఒక ఉద్యోగంలోకి పిల్లల్ని తోసి ఫోటో తీసుకునే దారి పట్టిస్తుంది. నువ్వు ఆ దారి వైపు పోవద్దు.

కోర్సుల ఎంపికలో తొందరపడకు. నీ చుట్టూ ఏమున్నాయో చూడు. నాగలాపురం, సత్యవేడు దారిలో పోతే శ్రీసిటీ. అక్కడ ఫోన్లు, ఏసీలు, మెట్రో రైలు పెట్టెలు తయారయ్యే ఫ్యాక్టరీలున్నాయి. ఇటు రేణిగుంట పక్కన ఎలక్ట్రానిక్స్ క్లస్టర్, కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ. తిరుపతిలో ఆస్పత్రులు, వందలకొద్దీ హోటళ్లు, లాడ్జీలు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నా ఆ పని సీజన్ వరకే, దాన్ని నమ్ముకుని ఏడాది పొడుగునా కోర్సు నడపలేవు. నగరి, పుత్తూరు మగ్గాల పని తెలిసిన ఇళ్ల పిల్లలకు కుట్టు మిషన్ ఆపరేటర్ కోర్సు త్వరగా పట్టుబడుతుంది. అయితే ఆ ఉద్యోగం ఇక్కడే దొరుకుతుందా, తిరుప్పూరుకో బెంగళూరుకో పంపాల్సి వస్తుందా అన్నది ముందే తేల్చుకో. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ, ఆస్పత్రి సహాయకుల కోర్సు, ఈ రెంటితో మొదలుపెడితే చాలు. నాలుగైదు కోర్సులు ఒకేసారి మీద వేసుకోకు.

పిల్లల్ని చేర్చుకునే పని దగ్గరే అసలు కష్టమంతా. జాబ్ మేళాలో బ్యానర్ కట్టి పేర్లు రాయించుకుంటే వంద మంది రాయిస్తారు, పది మంది వస్తారు. మహిళల పొదుపు సంఘాలను చూసే వెలుగు ఆఫీసుకు వెళ్లి, ఊళ్లో ఆ సంఘాల పని చూసే యానిమేటర్లతో మాట్లాడి, సంఘం మీటింగ్ రోజున వెళ్లు. అక్కడ తల్లులు ఉంటారు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపాలా వద్దా అన్నది తేల్చేది వాళ్లే, మనం పిల్లతో ఎంత మాట్లాడినా లాభం లేదు. తల్లికి మూడు సంగతులు సూటిగా చెప్పు. హాస్టల్‌లో రాత్రి ఎవరుంటారు, ఉద్యోగం ఏ ఊళ్లో, నెలకు చేతికి ఎంత వస్తుంది. మూడింటిలో దేనికైనా నీ దగ్గర జవాబు లేకపోతే ఆ రోజు ఊరికి వెళ్లకు.

చేతికి ఎంత వస్తుందన్న దాని దగ్గర చాలామంది మోసపోయామనుకుంటారు. జీతం పద్నాలుగు వేలని చెబుతాం. అందులో పీఎఫ్ 12 శాతం కింద 1,680, ఈఎస్ఐ 0.75 శాతం కింద 105 పోతే మిగిలేది 12,215. దాంట్లోంచి హాస్టల్, క్యాంటీన్ కోత పడుతుంది. మొదటి నెల మెసేజ్ చూసి ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేస్తుంది, నాన్న వచ్చెయ్యమంటాడు. ఈ లెక్కను చేరిన మొదటి వారంలోనే బోర్డు మీద వేసి చూపించు. పీఎఫ్ అంటే ఏమిటో, యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు ఎందుకు దాచుకోవాలో, ఈఎస్ఐ కార్డుతో ఇంట్లో అమ్మకు కూడా వైద్యం ఎలా దొరుకుతుందో చెప్పు. ఇది కోర్సు పుస్తకంలో ఉందా లేదా అని చూడకు. పిల్ల నిలబడేది దీని వల్లే.

ఆధార్ సంగతి చిన్నదనుకోకు. హాజరంతా వేలిముద్ర మీద, పేరు నమోదంతా ఓటీపీ మీద. మన పిల్లల ఆధార్‌కు ఎక్కువగా నాన్న నంబరు లింకై ఉంటుంది, ఆయన బెంగళూరులో పనిలో ఉంటాడు. నంబరు మార్పించే పని బ్యాచ్ మొదలయ్యే ముందే పెట్టుకో. కూలి పనులతో అరిగిన వేళ్లకు ముద్ర పడదు. అలాంటి పిల్లల పేర్లు మొదటి రోజే పై ఆఫీసుకు రాసి పంపు, ఆ నకలు దగ్గర పెట్టుకో. రాని పిల్లకు హాజరు వేయించే ఆలోచన ఎవరైనా చెబితే, వాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా ఆ రోజే వద్దని చెప్పెయ్. మే నెలలో గంగ జాతర ఉంటుంది, ఆ వెంటనే మామిడి కోతలు వస్తాయి. అప్పుడు హాజరు పడిపోతుందని నీకు ముందే తెలుసు కాబట్టి బ్యాచ్‌ను దానికి అటో ఇటో పెట్టుకో.

నీ దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లనూ పిల్లాణ్నీ చేర్చుకోవాలని లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసై, చదివే ఓపిక ఉన్న పిల్లవాడు కనిపిస్తే ఐటిఐకి పంపు. రెండేళ్ల ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ సర్టిఫికెట్‌కు ఉన్న విలువ మూడు నెలల కోర్సుకు రాదు. నీ టార్గెట్ కోసం అతన్ని ఆపితే అతని బతుకులో పెద్ద అవకాశం పోతుంది. ఐటిఐ అయిపోయినవాళ్లు వస్తే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించు. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టయిపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 దాకా కేంద్రమే భరిస్తుంది కాబట్టి కంపెనీలు కూడా తీసుకుంటాయి. సొంతంగా టైలరింగ్ షాపో, సెల్‌ఫోన్ రిపేరో పెట్టుకుంటానంటే ఆర్‌సెటికి, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు పంపు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతి అది. బ్యాంకులే నడుపుతాయి, భోజనం, బస ఉచితం, శిక్షణ అయ్యాక రెండేళ్లపాటు వెంట ఉండి లోను దాకా చూస్తాయి. ఉద్యోగం వద్దనుకునే పిల్లకు నీ సెంటర్ కంటే అదే మంచిది.

కంపెనీ దగ్గరికి బ్యాచ్ మొదలవకముందే వెళ్లు. హెచ్ఆర్ గదిలో టీ తాగి లెటర్ తెచ్చుకుంటే సరిపోదు. పిల్లలు ఉండబోయే హాస్టల్ గదికి వెళ్లి ఒక్కో గదిలో ఎంతమందో చూడు, బాత్‌రూమ్ చూడు, క్యాంటీన్‌లో తిను. రాత్రి షిఫ్టుకు ఆడపిల్లల్ని ఎక్కించుకునే బస్సు గేటు దాకా వస్తుందా, రోడ్డు మీద దింపుతుందా అడుగు. జీతం ఇచ్చేది కంపెనీనా, మధ్యలో కాంట్రాక్టు ఏజెన్సీనా అన్నది రాతపూర్వకంగా తీసుకో. ఏజెన్సీ అయితే తప్పని కాదు, కానీ పే స్లిప్ ఇవ్వని ఏజెన్సీకి ఒక్క పిల్లను కూడా ఇవ్వకు. పే స్లిప్ లేకపోతే సర్కారు ఆ ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకోదు, పిల్లకూ రేపు ఏ రుజువూ ఉండదు.

చేరిన తర్వాత మూడు నెలలు నీ పని ఇంకా ఎక్కువ. ఉద్యోగంలో చేరిన పిల్లలకు నెలకు 1,000 రూపాయల సాయం ఈ పథకం మార్గదర్శకాల్లో మొదటినుంచీ ఉంది. సొంత జిల్లాలో చేరితే 2 నెలలు, రాష్ట్రంలో వేరే చోటైతే 3 నెలలు, బయటి రాష్ట్రమైతే 6 నెలలు. ఇది ఆలస్యంగా పడితే ప్రయోజనం లేదు, మొదటి జీతం వచ్చేలోపు చేతిలో ఉండాలి. నీ ఖాతాలోంచి ముందు ఇచ్చి తర్వాత రాబట్టుకునే వీలు ఒప్పందంలో ఉంటే అలాగే చెయ్యి. ప్రతి బ్యాచ్‌కు ఒకరిని పెట్టి మొదటి నెల వారానికొకసారి సాయంత్రం ఫోన్ చేయించు. జ్వరమా, సూపర్‌వైజర్ తిట్టాడా, ఇంటిమీద బెంగా అని అడిగితే చాలాసార్లు ఆ మాటతోనే పని మానకుండా అక్కడే ఉండిపోతారు. ఒకే ఊరి పిల్లలు ఇద్దరు ముగ్గుర్ని ఒకే గదిలో ఉంచమని కంపెనీని అడిగితే కాదనరు.

ఫైళ్ల సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. తనిఖీకి ఎప్పుడొచ్చినా చూపించేలా ఏ రోజు కాగితం ఆ రోజు పెట్టుకో, చాలు.

కలెక్టరేట్‌లో జిల్లా నైపుణ్య కమిటీ మీటింగ్‌కు పిలుస్తారు. అక్కడ టార్గెట్ ఎంత అయిందన్న అంకె చదివి కూర్చోకు. రాష్ట్రం వాటా ఫలానా నెలకల్లా జమ అవుతుందని ముందే చెప్పగలిగితే చిన్న సంస్థలు కూడా నిలబడతాయని గట్టిగా చెప్పు. పుత్తూరు నుంచి ఫ్యాక్టరీ షిఫ్టు వేళలకు ఆర్టీసీ బస్సు వేయించమని అడుగు. హాస్టల్ ఒప్పుకోని తల్లులు బస్సుకు ఒప్పుకుంటారు. మా రోజుల్లో ఇలాంటివి అడిగేవాళ్లు తక్కువ, అడిగితే కొన్ని జరిగాయి కూడా.

మొదటి బ్యాచ్ ముప్ఫై మందికి మించొద్దని నా మాట. సీడాప్‌తో నువ్వు చేసుకున్న ఒప్పందంలో చెల్లింపుల పేజీ, ప్లేస్‌మెంట్ రుజువుకు ఏ కాగితాలు అడిగారో ఆ పేజీ, ఈ రెండూ వాట్సాప్‌లో పంపు. చదివి ఆదివారం ఫోన్ చేస్తాను. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ