డీప్ రెడ్ (1975): ఏ వెర్షన్ చూడాలి, క్లైమాక్స్ నిజంగా మోసమా?

ఈ ఇటాలియన్ థ్రిల్లర్ రెండు నిడివుల్లో దొరుకుతోంది, ఏది చూడాలి, చివర్లో హంతకుణ్ణి ఎక్కణ్ణుంచో ఊడిపడేలా చేశారట నిజమేనా అని అడిగారు. రెండోదానికి ముందు చెప్తాను. కాదు. ఆ మాటన్నవాళ్ళు సినిమా సరిగ్గా చూడలేదు.

రోమ్‌లో ఉంటున్న మార్క్ అనే ఇంగ్లిష్ పియానిస్టు (డేవిడ్ హెమ్మింగ్స్) ఓ రాత్రి చౌరస్తాలో నిలబడి ఉండగా పైన కిటికీలో ఒకామెను చంపేస్తుండటం చూసి, పరిగెత్తుకుంటూ పైకెళ్ళి, గోడల నిండా పటాలున్న కారిడార్ దాటి ఆమె దగ్గరికి చేరతాడు. లాభం ఉండదు. అప్పట్నుంచి అతనికి ఒకటే పీకులాట: ఆ కారిడార్‌లో నేనొక పటం చూశాను, ఇప్పుడది లేదు, ఎవరు తీశారు? దర్శకుడు డారియో అర్జెంటో తెలివంతా ఇక్కడే ఉంది. మార్క్ ఏం చూశాడో అది మనకీ అప్పుడే చూపించేశాడు, ఫ్లాష్‌బ్యాక్‌లో కొత్తగా అతికించింది కాదు. మా బావ ఏ థ్రిల్లర్ పెట్టినా ఇంటర్వెల్ లోపే హంతకుడెవరో చెప్పేసే రకం. క్లైమాక్స్ అయ్యాక నమ్మకపోతే ఆ సీన్‌కి వెనక్కెళ్ళి పాజ్ చేసి చూపించాను, రిమోట్ లాక్కుని మళ్ళీ మళ్ళీ చూశాడు. ఇంతకంటే చెప్తే మీకు సినిమా పాడైపోతుంది.

అన్నట్టు కథ రోమ్‌లోదే గానీ ఆ చౌరస్తా ఉన్నది టొరీనో (ట్యూరిన్) నగరంలో, పేరు పియాజా సీఎల్ఎన్. అక్కడ కనిపించే బ్లూ బార్‌ని ఎడ్వర్డ్ హాపర్ వేసిన 'నైట్‌హాక్స్' పెయింటింగ్ చూసి సెట్ వేశారు, లోపల కూర్చున్నవాళ్ళు బొమ్మల్లా కదలకుండా ఉంటారు. క్లోజప్‌లో నల్ల గ్లౌజులు వేసుకున్న హంతకుడి చేతులు అర్జెంటోవే.

ఇక వెర్షన్ సంగతి. ఇటాలియన్‌ది రెండు గంటలు దాటుతుంది, విదేశాల కోసం కోసిందాంట్లో ఇరవై నిమిషాల పైనే పోయాయి. పోయినవి ఎక్కువగా మార్క్‌కీ విలేకరి జాన్నాకీ (దారియా నికోలోది) మధ్య సరదా సీన్లు. ఆమె డొక్కు కారులో సీటు కుంగిపోయి హీరో కిందెక్కడో కూర్చుంటాడే, అలాంటివి. కొంచెం సాగదీతే, ఒప్పుకుంటాను, కానీ అవి లేకపోతే హత్య వెంట హత్య తప్ప ఏమీ మిగలదు. అందుకే పొడుగు వెర్షనే, ఇటాలియన్ ఆడియో పెట్టి సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఇంగ్లిష్ పెడితే, తీసేసిన సీన్లకి డబ్బింగ్ దొరక్క మధ్యలో హఠాత్తుగా ఇటాలియన్‌కి మారిపోతుంది, చిరాకేస్తుంది. పెదవులు కలవట్లేదని కంగారుపడకండి, అప్పట్లో ఇటలీలో దాదాపు అన్నిటికీ షూటింగ్ తర్వాతే డబ్బింగ్ చెప్పేవాళ్ళు.

గోబ్లిన్ బ్యాండ్ మ్యూజిక్ కోసమైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. రక్తం చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళయితే మాత్రం బాత్‌టబ్‌లో వేడినీళ్ళ సీన్ స్కిప్ చేసేయండి.