ప్లంబర్ వచ్చిన రోజే మీ కేసుకు పునాది

ప్రశ్న: లండన్‌లో విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుని ఉంటున్నాం. పెరటి మురుగు వంటింట్లోకి ఎగదన్నుతోంది, గోడలకు నల్లటి బూజు. బాబుకు దగ్గు తగ్గడం లేదు. ఏజెంటుకు ఫోను చేస్తే, లోపల బట్టలు ఆరేస్తే అంతేనని కసురుతున్నాడు. ఒకసారి అతను పంపిన ప్లంబర్ గొట్టం పగిలిందని చెప్పి వెళ్లాడు. అద్దె కట్టడం ఆపేద్దామని మావారు అంటున్నారు. ఆపవచ్చా?

జవాబు: ఆపకండి. బాకీ పేరుకుంటే ఇల్లు ఖాళీ చేయించే దావాకు మీరే దారి ఇచ్చినట్లు. మురుగు సంగతి పక్కకు పోయి మీ బాకీ ముందుకొస్తుంది.

ఏజెంటు కసురుడు పక్కన పెట్టండి. ప్లంబర్ గురించి మీరు రాసింది ఒక్క వాక్యం. కేసును తేల్చేది ఆ వాక్యమే. 1985 నాటి యజమాని-అద్దెదారు చట్టం సెక్షన్ 11 ప్రకారం ఇంటి కట్టడం, మురుగు గొట్టాలు బాగుచేయించవలసింది యజమాని. అయితే అద్దెకిచ్చిన ఇంటి లోపలి లోపం ఆయనకు తెలిసిన తర్వాతే ఆ బాధ్యత మొదలవుతుంది. యజమాని పంపిన ప్లంబర్ కళ్లతో చూస్తే యజమానికి తెలిసినట్లేనని 1973లో వెస్ట్ బ్రామిచ్ కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. మీ ఇంటికి ప్లంబర్ వచ్చిన తేదీ మీ దగ్గర ఉందా? ఇన్నాళ్లూ ఫోనులో చెప్పి ఊరుకున్నారు, ఒక్క ఈమెయిల్ లేదు. ఇది క్షమించరాని అజాగ్రత్త. ఫోను బిల్లులు, సందేశాలు వెతికి ఆ రోజు ఏదో పట్టుకోండి.

బట్టల వాదన ఒకప్పుడు చెల్లేది, కట్టడం చెడకుండా కేవలం గాలిలోని తేమతో పట్టిన బూజు సెక్షన్ 11 కిందికి రాదు కాబట్టి. ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలన్న హామీ 1885 నుంచీ చట్టంలో ఉన్నా, అది బహు తక్కువ అద్దె ఇళ్లకే. ఆ హద్దు లండన్‌లో ఏడాదికి 80 పౌండ్ల దగ్గరే ఆగిపోవడంతో హామీ కాగితానికే పరిమితమైంది. 2018 నాటి ఇళ్ల నివాసయోగ్యత చట్టం ఆ హద్దును తీసేసింది. ఇప్పుడు తేమ, మురుగు పారుదల రెండూ లెక్కలోకి వస్తాయి.

ఒప్పందం ఉల్లంఘనపై దావా వేయడానికి గడువు 6 ఏళ్లు, అనారోగ్యానికి పరిహారం కోరాలంటే 3 ఏళ్లు. బాబుకు మాత్రం 18 నిండాకే ఆ గడువు మొదలవుతుంది. అలాగని కూర్చుంటే సాక్ష్యం మిగలదు.

ఈ రోజే యజమానికీ ఏజెంటుకూ ఈమెయిల్ పంపండి: ఏ గది, ఏ గోడ, మురుగు ఎంత ఎత్తుకు వచ్చింది, ప్లంబర్ ఏ రోజున ఏమన్నాడు. బూజు తుడిచే ముందు తేదీ పడేలా ఫోటో తీయండి. కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగానికి ఫిర్యాదు చేయండి, వారు దర్యాప్తు చేసి తీరాలి. 1855లో లండన్‌ పారిష్ వెస్ట్రీలకు (నాటి స్థానిక పాలక మండళ్లకు) ఆరోగ్యాధికారులను పెట్టుకోమన్న చట్టం నాటి బాధ్యతే నేడు వీరిది. వారూ కదలకపోతే 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం సెక్షన్ 82 కింద యజమానికి 21 రోజుల రాతపూర్వక నోటీసు ఇచ్చి, మీరే నేరుగా మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లవచ్చు. ఆ కోర్టు అడిగేది ఆరోగ్యానికి హాని ఉందా అని. అందుకే బాబును చూస్తున్న డాక్టరుకు ఇంటి పరిస్థితి చెప్పి, ఆ మాట వైద్య రికార్డులో రాయించండి.