కోతల పండుగ పెట్టే బిడ్డకు

బిడ్డా, ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఏడు కోతల పండుగ బాధ్యత నీకిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఎంత సంబరపడ్డానో. మన పాస్టరేట్ (ఒకే అయ్యగారి కింద ఉన్న సంఘాలు) కమిటీలో ఆడపిల్ల సెక్రటరీ కావడమే మా ఈడు వాళ్లకు పండుగ. ఆ వెంటనే ఇంకో సంగతి చెప్పింది. జనం కృతజ్ఞతగా గుడికి తెచ్చిన పంట, కోళ్లు, కూరగాయలు అమ్మే వేలంపాటలో రెండు లక్షలు రావాలని గ్రూపులో టార్గెట్ పెట్టావట. అప్పటినుంచి మనసు నిలవడం లేదు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. పాస్టరు అయ్యగారిని అడగకుండా తేదీ అచ్చు వేయించకు, ఆయనకు మన గుడి ఒక్కటే కాదు. వానాకాలం వరి ఇళ్లకు చేరాక, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలమైన అడ్వెంట్ మొదటి ఆదివారానికి ముందే పెట్టుకోండి. అడ్వెంట్ వచ్చిందంటే గుడిలో ప్రభువు బల్ల మీద ఊదా గుడ్డ పరుస్తాం, అది వేరే కాలం. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారానికి ఎందరు రావచ్చో శనివారం రాత్రికే అయ్యగారికి లెక్క చెప్పు. అందరం కలిసి తినే ప్రేమ విందుకు వంద మందికి పన్నెండు కిలోల బియ్యం, పదిహేను కిలోల చికెన్ చాలు.

అలంకరణ దగ్గర పిల్లల మీదే వదిలేయకు. అరటి బోదెలు కోసిన చోట జిగురు కారుతుంది, బల్ల గుడ్డకు అంటితే ఆ మరక పోదు, కింద గోనె పట్టా వేయించు. చెరకు గడలు ముందురోజు కడితే తెల్లారేసరికి చీమలు. మిర్చి బస్తాలు ఫ్యాను కింద అసలు పెట్టనివ్వకు, ప్రసంగం మొదలయ్యేసరికి గుడి గుడంతా దగ్గులే. వాటి చోటు వరండా. పచ్చి వడ్లు బస్తాల్లో మూట కట్టి తెస్తారు, రెండు రోజుల్లో లోపల వేడెక్కి రంగు మారి ముక్కిన వాసన కొడతాయి. తేగానే విప్పించి టార్పాలిన్ మీద ఆరబోయించు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరాక తూకం వేసి, ఆ బరువే పుస్తకంలో రాయి. తెచ్చినప్పటి బరువు రాస్తే తరుగు ఎవరి మీదకో వస్తుంది.

ఇక వేలం. ఇక్కడ నిదానంగా చదువు.

మన వైపు ఒక సంఘంలో జరిగింది, ఊరి పేరు నీకెందుకు. పాట పాడించే పెద్దమనిషి హుషారైనవాడు. "ఫలానా వాళ్లు నోరు విప్పలేదేం?" అని మైకులో ఒక్కొక్కరినీ గిల్లేవాడు. కూలికి పోయే ఒకాయన తన ఇంటినుంచి తెచ్చిన కోడిపుంజునే పంతానికి నాలుగు వేల దాకా పాడాడు. చేతిలో పైసా లేదు. "తర్వాత ఇవ్వొచ్చులే" అని బాకీ పుస్తకంలో రాసుకున్నారు. పత్తి డబ్బులు రాలేదు, ఆసుపత్రి ఖర్చు వచ్చి పడింది. క్రిస్మస్ ముందు ఆదివారం ప్రకటనల్లో బాకీల జాబితా పేర్లతో సహా చదివారు. ఆ ఇంటివాళ్లు ఆ తర్వాత గుడి మెట్లు ఎక్కలేదు. ఆయన కూతురు కన్ఫర్మేషన్ (సంఘంలో పూర్తి సభ్యత్వం) పాఠాలు సగంలో మానేసింది. కమిటీ పుస్తకంలో మాత్రం ఆ ఏడు వేలం రికార్డు. రాసిన మొత్తంలో చాలా భాగం ఎన్నటికీ రాలేదు.

అజరయ్య గారు 1912లో దోర్నకల్ బిషప్ అయినప్పుడు అక్కడి సంఘంలో ఎక్కువమంది కూలీలే. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటి మీద ఆయన జీవితమంతా పోరాడారు. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి దేవునికి దాచడం ఆ ఇళ్ల ఆడవాళ్లకు అలవాటు. ఇంట్లో ఉన్నదాంట్లోంచి తీసిచ్చేవాళ్లు, లేనిదాన్ని రాసివ్వలేదు. అలాంటి సంఘంలో పండుగ పేరుతో మనమే ఒకరి నెత్తిన అప్పు పెడతామా?

అందుకని ఇలా చెయ్యి. టార్గెట్ మెసేజ్ ఇవాళే తీసెయ్యి. పాటకు పెద్దవి ఏ పదో పన్నెండో చాలు: వడ్ల బస్తా, మేకపిల్ల, పసుపు మూట, కేకు. మిగతా కూరగాయలు, గుడ్లు, కందిపప్పు ధర చీటీ అంటించి విడిగా ఒక టేబుల్ మీద పెట్టు. ఇరవై రూపాయలకూ ఏదో ఒకటి దొరకాలి అక్కడ. సండే స్కూలు పిల్లలు తెచ్చిన జామకాయలు, బొప్పాయిలు అన్నిటికంటే ముందు అమ్ము, అవి చివరికి మిగిలిపోతే ఆ పిల్లల మొహాలు చూడలేవు. పాట మొదలయ్యే ముందే ప్రకటించు: డబ్బు అప్పటికప్పుడే, బాకీ రాయడం లేదు. మూడోసారి అన్నాక కట్టలేకపోతే వస్తువు రెండో పాటగాడికి పోతుంది, ఎవరూ ఒక్క మాట అనకూడదు. పాడించేవాడిగా పేర్లు పిలవని మనిషిని పెట్టు. కొన్నవాళ్లు "మళ్లీ దేవునికే" అని తిరిగిస్తే అదే కోడి రెండుసార్లు అమ్ముడవుతుంది. అందుకని వస్తువుకు నంబరు వేసి ప్రతి పాటకూ వేరే రసీదు కొట్టు, లేకపోతే సాయంత్రం లెక్క తేలదు. కృతజ్ఞత కానుకలు కవర్లలోనే తీసుకో, మైకులో మొత్తాలు చదవకు.

ఫోన్ స్కానర్ సంఘం ఖాతాదే ఉండాలి, నీది పెట్టావంటే నీ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు. నీ మీద నాకు అనుమానం లేదు తల్లీ, నిన్ను ఒక్క మాట అంటే నేను తట్టుకోలేను. నగదు ట్రెజరరూ, గుడి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రి నుంచి ఒకరూ కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. రాత్రికి ఎవరింట్లో ఉంటుందో ఆ చీటీ మీదే రాయండి. సోమవారం పొద్దున బ్యాంకులో కట్టి, చలాను జిరాక్స్ తీసి నోటీసు బోర్డు మీద అంటించు.

దీవెనలతో,
మీ పెద్దమ్మ