ఫ్రాన్సులో కర్లింగ్ ఆటగాడి జీవితం ఎలా ఉంటుంది?

కర్లింగ్ అంటే మంచు మీద బరువైన రాళ్లను జార్చి అవతలి కొసన గీసిన వలయాల నడుమకు చేర్చే ఆట. ఫ్రాన్సు జాతీయ జట్టుకు ఎదిగిన కర్లింగ్ ఆటగాడికి ఆ ఆటతోనే జీవనం గడుస్తుందా, గ్రెనోబుల్‌కు చదువుకు వచ్చాక మీరు కూడా నేర్చుకోవచ్చా అని అడిగారు. మొదటిదానికి నా జవాబు గడవదనే. ఆనెసీలో ఉద్యోగం చేసిన రోజుల్లో రెండు శీతాకాలాలు ఆల్ప్స్‌లోని ఒక క్లబ్బులో నేను ఈ ఆట నేర్చుకున్నాను. అక్కడ జాతీయ పోటీల దాకా వెళ్లినవారితో సహా నాకు పరిచయమైన ప్రతి ఒక్కరికీ వేరే ఉద్యోగమో వ్యాపారమో ఉండేది.

అయితే ఆ జీవితం చాలా పొడుగైనది. థామస్ దుఫూర్ సంగతే చూడండి. 2002 సాల్ట్ లేక్ సిటీ శీతాకాల ఒలింపిక్స్‌లో దొమినిక్ ద్యుపోఁ-రోక్ నాయకత్వంలోని ఫ్రాన్సు జట్టులో ఆయన సభ్యుడు. ఆ జట్టు ఆడిన 9 మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఎనిమిదేళ్ల తరువాత, 2010 వాంకూవర్‌లో, అదే దుఫూర్ స్కిప్‌గా, అంటే జట్టు సారథిగా, తిరిగి వచ్చి 9 మ్యాచ్‌లలో 3 గెలిపించారు. పతకం రాలేదు కనుక ఇదేమి ఘనత అని ఎవరైనా అనవచ్చు, కానీ నా దృష్టిలో ఆయన ఆట జీవితానికి అసలు కొలత ఆ ఎనిమిదేళ్ల నిరీక్షణే.

అంత కాలం ఎందుకు పడుతుందో మంచు మీద నిలబడ్డాకే నాకు అర్థమైంది. క్యారమ్స్ ఆడినవారికి గురి తేలికగానే తెలుస్తుంది. ఇక్కడ మాత్రం దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయిని వదిలే ముందు కొద్దిగా తిప్పాలి, అది నీటి తుంపరలు చల్లి గడ్డకట్టించిన సన్నని బొడిపెల మీద జారుతూ చివరికి వంగుతుంది, దాని ముందు బ్రష్షులతో ఊడ్చితే మరికొంత దూరం, మరికొంత తిన్నగా వెళుతుంది. ఒక మైదానంలోని మంచు మరొక చోట ఉండదు, ఒకే మ్యాచ్‌లో కూడా మొదట ఉన్నట్టు చివర ఉండదు. అవతలి కొసన నిలబడి, రాయి ఎంత వంగుతుందో ముందే లెక్కగట్టి గురి చూపించవలసినది స్కిప్, ఆ చూపు ఏళ్ల తరబడి ఆడితే తప్ప రాదు. నేనైతే రెండు శీతాకాలాల తరువాత కూడా ఊడ్చేవాడిగానే మిగిలాను, మోకాళ్లకు నూనె రాసుకోవడం మాత్రం బాగా అలవాటైంది.

ఫ్రాన్సుకు ఈ ఆటలో చరిత్ర లేకపోలేదు. 1971 ప్రపంచ పురుషుల పోటీ, 1975లో మొట్టమొదటి యూరోపియన్ ఛాంపియన్‌షిప్ ఫ్రెంచి ఆల్ప్స్‌లోని మెజేవ్‌లోనే జరిగాయి. 1924లో ఫ్రాన్సులోని షామొనీలో జరిగిన శీతాకాల ఒలింపిక్స్‌లో మూడు దేశాలే ఆడగా, బ్రిటన్ చేతిలో 46-4 తేడాతో, ఆపై స్వీడన్ చేతిలోనూ ఓడిన ఫ్రెంచి జట్టుకు కాంస్యం దక్కింది. ఆ పోటీకి అధికారిక గుర్తింపును ఒలింపిక్ సంఘం 2006లో గాని స్థిరపరచలేదు. అంటే 82 ఏళ్లు.

ఇక మీ రెండో ప్రశ్న. నిస్సంకోచంగా రండి. నేను వెళ్లిన చోట మొదటి రోజుకు అడుగు శుభ్రంగా ఉన్న బూట్లు, వంగితే పట్టేయని వెచ్చని ప్యాంటు ఉంటే చాలన్నారు. రాళ్లు, బ్రష్షులు క్లబ్బే ఇచ్చింది.